కాటా మీద పెట్టేముందు ఒకసారి విప్పండి

పోయినేడాది వేసవి సెలవల్లో మా కాలేజీలో నలభై పాత కంప్యూటర్లని కిలోల లెక్కన అమ్మేశారు. నేను అక్కడ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. స్టోర్ రూమ్ ముందున్న వేపచెట్టు కింద కాటా పెట్టారు. సీపీయూలు ఒక్కొక్కటే తూచి, విరిగిన కుర్చీలూ అట్టపెట్టెలూ ఎక్కించిన ఆటోలోనే వాటినీ పడేశారు. మానిటర్లు పగులుతున్న చప్పుడు మా ల్యాబ్‌లోకి వినిపించింది. ఉండబట్టలేక కిందికి వెళ్లి, అదే రేటుకి నాకు నాలుగు ఇమ్మని అడిగాను.

"ఏం చేసుకుంటారండీ మాస్టారూ? ఒక్కటీ ఆన్ అవ్వదు కదా," అన్నాడు పాత సామాన్లాయన.

"మొత్తంగా ఆన్ అవ్వదు గానీ, లోపల సామాను చాలావరకు బాగానే ఉంటుందండీ," అన్నాను. ఆయన నమ్మలేదు. నాలుగూ నా బండి వెనక తాళ్లతో కట్టి పంపించాడు.

ఆ నాలుగింటితో ఏమేం చేశామో చెప్తాను. అంతకన్నా ముఖ్యంగా ఒకటి అడగాలని ఉంది. ఏ కాలేజీ అయినా, ఏ బడి అయినా, పాత కంప్యూటర్‌ని తూకానికి వేసేముందు దాన్ని పిల్లల చేత విప్పించాలి. మన పిల్లలకి ఎలక్ట్రానిక్స్ నేర్పడానికి ఇంతకు మించిన సామాను నాకు తెలిసి ఇంకెక్కడా దొరకదు. ఇరవై ఏళ్లుగా ల్యాబ్‌లో నిలబడి చూసి చెప్తున్న మాట ఇది.

మా నాన్నగారికి రేడియో రిపేర్ షాపు ఉండేది. గోడకి కొట్టిన చెక్క అరల నిండా హార్లిక్స్ సీసాలు, వాటిలో రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, కండెన్సర్లు. కండెన్సర్ అంటే ఇప్పుడు మనం కెపాసిటర్ అనేదే, కరెంటుని కాస్త నిలవ ఉంచుకునే ముక్క; కెపాసిటర్ అనే మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. బాగుచెయ్యలేని సెట్టు వస్తే, దాని సొంతదారుని అడిగి, అందులో ఇంకా పనికొచ్చేవేంటో చూసి, ఊడదీసి సీసాల్లో వేసేవారు. అయితే ఒక కంపెనీ సెట్టులోంచి తీసింది ఇంకో కంపెనీ సెట్టుకి కుదరడం కష్టం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ వేరు, స్పీకర్ కొలత వేరు, బోర్డు కన్నాలు వేరు. సగం సీసాలు అలా ఏళ్ల తరబడి మూత తియ్యకుండానే ఉండిపోయాయి.

కంప్యూటర్ ఈ విషయంలో పూర్తిగా వేరే జాతి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దాని పవర్ సప్లై, అంటే గోడ కరెంటుని లోపలి ముక్కలకి సరిపడేలా మార్చే డబ్బా, 5 వోల్టులు, 12 వోల్టులు ఇచ్చేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. దాన్లోనూ ఆ రెండూ ఉన్నాయి, 3.3 వోల్టులు వచ్చి చేరింది. ఎర్ర వైరు 5, పసుపు వైరు 12, నారింజ వైరు 3.3, నల్లది నెగటివ్. తైవాన్‌లో తయారైనా చైనాలో తయారైనా ఇదే వరస. సీపీయూ లోపల తిరిగే ఫ్యాన్ 12 వోల్టులు. హార్డ్ డిస్క్‌కీ డీవీడీ డ్రైవ్‌కీ కావలసింది 5, 12. మన ఫోన్ చార్జర్ మామూలుగా ఇచ్చేదీ 5 వోల్టులే, ఎల్‌ఈడీ స్ట్రిప్ అడిగేదీ, కారు బ్యాటరీ ఇచ్చేదీ సుమారు 12 వోల్టులే. అంటే పాత కంప్యూటర్‌లోంచి తీసిన ముక్క, మన ఇంట్లో ఉన్న మిగతా సామానుతో ఒకే భాష మాట్లాడుతుంది. మా నాన్నగారికి దొరకని అదృష్టం ఇదే. కొత్తగా నేర్చుకునే పిల్లకి రంగు చూస్తే వోల్టేజీ తెలిసిపోవడం చిన్న విషయం కాదు.

మొదట చేసింది పవర్ సప్లై. మన దగ్గర అందరూ ఎస్‌ఎంపీఎస్ అంటారు. కరెంటు ప్లగ్ పెట్టినా అది వెంటనే ఆన్ అవ్వదు. మదర్‌బోర్డు, అంటే ముక్కలన్నీ తగిలించే పెద్ద బోర్డు, "ఆన్ అవ్వు" అని చెప్పేదాకా ఆగుతుంది. ఆ చెప్పడం కూడా చాలా సులువు: పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది, దాన్ని ఏదో ఒక నల్ల వైరుకి కలిపితే ఆన్, విడదీస్తే ఆఫ్. నిద్రపోతున్నప్పుడు కూడా ఊదా వైరులో 5 వోల్టులు ఉంటూనే ఉంటుంది. కీబోర్డు మీట నొక్కితే కంప్యూటర్ లేచేది దాని వల్లే.

ఇక్కడ మా మేనకోడలితో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. తను అప్పుడు తొమ్మిదో తరగతి. "పచ్చ వైరు నల్లదానికి కలుపు," అన్నాను. తను పసుపు వైరు పట్టుకుంది. తప్పు తనది కాదు. మా వైపు పసుపునీ పచ్చే అంటాం, పచ్చకామెర్లు అన్నప్పుడు మనం చూసేది పసుపు రంగే కదా. సప్లై ఇంకా ఆన్ అవ్వలేదు కాబట్టి ఏమీ కాలేదు. ఆన్‌లో ఉండి ఉంటే 12 వోల్టుల లైను షార్ట్ అయ్యేది, లోపలి రక్షణ సర్క్యూట్ ఆపేసేది. అన్ని సప్లైల్లోనూ ఆ రక్షణ సరిగ్గా పనిచేస్తుందని నేను హామీ ఇవ్వను. అప్పట్నుంచి నేను ఎవరికి చెప్పినా "ఆకుపచ్చ" అనే చెప్తున్నాను. వైరు ఏదో చూసుకున్నాక వోల్టేజీ కొలిచే మీటర్‌తో చూసి, ఎంత చూపిస్తోందో పైకి చదివి, అప్పుడే ముట్టుకోమంటున్నాను. పెద్ద బ్రాండ్ల సిస్టమ్స్ కొన్నింటిలో రంగులు ఈ వరసలో ఉండవు. ఈమధ్య సప్లైల్లో అన్ని వైర్లూ నల్లగానే వస్తున్నాయి. కాబట్టి రంగు ఒక ఆనవాలు మాత్రమే, తేల్చాల్సింది మీటర్.

పాత ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఖాళీగా ఆన్ చేస్తే నిలబడవు. ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతుంది. అది కొంత కరెంటు ఇస్తూ ఉండేలా ఏదైనా కట్టాలి. ఎర్ర వైరుకీ నల్ల వైరుకీ మధ్య 10 ఓమ్స్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ కడితే అర ఆంపియర్ తీసుకుంటుంది, సప్లై స్థిరపడుతుంది. మా మేనకోడలు ఆ రెసిస్టర్ మీద చెయ్యి పెట్టి "వేడెక్కుతోంది మామయ్యా" అంది. ఎంత వేడెక్కాలో లెక్క కట్టమన్నాను. 5 ఇంటూ 0.5, రెండున్నర వాట్లు. పుస్తకంలో ఆ సూత్రం తను అప్పటికే చదివింది. వేలికి తగిలింది మాత్రం ఆ రోజే.

ఒక హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత తియ్యొద్దు. మనకి కావలసిన వైర్లన్నీ బయటికే వచ్చి ఉంటాయి. లోపల 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే 320 వోల్టులు దాటుతుంది, అది పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కొంతసేపు ఉంటుంది. మూత విప్పి ఫ్యాన్‌కి నూనె వెయ్యడం, ఫ్యూజు మార్చడం లాంటివి తెలిసిన మనిషి పక్కన లేకుండా పిల్లలు చెయ్యకూడదు. నా టేబుల్ దగ్గర ఇది ఒక్కటే గట్టి నిషేధం.

ఆ సప్లైకి చెక్కపెట్టె చేసి, ముందు ఎర్ర, పసుపు, నల్ల టెర్మినల్స్ బిగించాం. డబ్బా మీద 450 వాట్లు అని రాసి ఉంది గానీ లోకల్ సరుకు మీద రాసిన వాట్లలో నేను సగం కూడా నమ్మను. మాకు 50 వాట్లు చాలు. ఈ ఏడాదంతా మా ఇంట్లో సాల్డరింగ్ (లోహం కరిగించి ముక్కల్ని అతికే పని) టేబుల్ మీద లైటు, సర్క్యూట్ బోర్డుకి కన్నాలు వేసే చిన్న డ్రిల్లు, సాల్డరింగ్ పొగని లాగేసే ఫ్యాన్, అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. పొగ ఫ్యాన్ కూడా ఆ సీపీయూలోదే. పాత సాల్డర్‌లో సీసం ఉంటుంది, పేస్టు కాలిన పొగ గొంతుకి మంచిది కాదు. మా నాన్నగారు ముప్పయ్యేళ్లు ఆ పొగ పీల్చారు. ఆ ఫ్యాన్ పెట్టడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేదు.

బ్యాటరీల సంగతి అంతకన్నా ముందుది. 2020లో ఆన్‌లైన్ క్లాసులు మొదలైనప్పుడు మా ఊళ్లో కరెంటు మధ్యాహ్నం పూట పోయేది. ఫోన్‌లో చార్జింగ్ ఉండేది కానీ రౌటర్ ఆగిపోయేది, క్లాసు తెగిపోయేది. రోజూ అదే టెన్షన్. మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలబడక మూలన పడి ఉంది. ప్లాస్టిక్ డబ్బా జాగ్రత్తగా విడదీస్తే లోపల ఆరు సెల్స్ ఉన్నాయి. వాటిని 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు అని ఆ అంకెకి అర్థం. రెండేసి జతగా మూడు జతలు. ఆ మూడింటిలో ఒక జత చచ్చిపోతే మొత్తం ప్యాక్ చచ్చినట్టే కనిపిస్తుంది. మాకు రెండు సెల్స్ ఒక వోల్టు కూడా చూపించలేదు, మిగతా నాలుగు మూడున్నర పైన ఉన్నాయి.

ఆ రోజు నేను చేసిన తప్పు దాచను. తొందరలో సెల్ మీద నేరుగా సాల్డరింగ్ ఐరన్ పెట్టాను. సెల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, పైనున్న రంగు కవరు ముడుచుకుపోయింది. దాన్ని పటకారుతో పట్టుకెళ్లి పెరట్లో ఇసుక బకెట్‌లో పెట్టి, గంటసేపు దూరంగా నిలబడ్డాను. అంటుకోలేదు. అంటుకుని ఉంటే తేలిగ్గా ఆరే మంట కాదది. ఆ తర్వాత ఎప్పుడూ సెల్ మీద ఐరన్ పెట్టలేదు. ప్లాస్టిక్ హోల్డర్లు కొని వాటిలో బిగిస్తున్నాను. రెండు వోల్టుల కన్నా కిందికి పడిపోయిన సెల్‌ని మళ్లీ చార్జ్ చెయ్యను. మంచివాటిని 4.2 వోల్టుల దాకా చార్జ్ చేసి, రెండు వారాలు అలాగే ఉంచి, మళ్లీ కొలుస్తాను. బాగా దిగిపోయిన దాన్ని పక్కన పెడతాను. చార్జింగ్‌లో వేడెక్కినదాన్ని ఇంట్లోనే ఉంచను.

అలా తేలిన నాలుగు సెల్స్‌లో, వేడెక్కినదాన్ని తీసేసి దాని చోట ఇంకో పాత ప్యాక్‌లోది పెట్టి, జతలుగా సిరీస్‌లో కట్టాం. సెల్స్ హద్దు దాటి చార్జ్ కాకుండా, మరీ దిగిపోకుండా కాపాడే బీఎంఎస్ బోర్డు ఒకటి, 12 వోల్టులకి పెంచే చిన్న మాడ్యూల్ ఒకటి, లిథియం బ్యాటరీలకి సరిపడే చార్జర్ ఒకటి కొన్నాం. ఒక్కో సెల్‌లో పాతబడ్డాక 1500 మిల్లీ ఆంపియర్ అవర్స్ మిగిలి ఉంటుందనుకుంటే నాలుగింటికీ కలిపి 22 వాట్ అవర్స్. మా రౌటర్ ఆరు వాట్లు తీసుకునేది. మధ్యలో పోయేది పోగా మూడు గంటలు రావాలని లెక్క వేశాం, మూడు గంటలకి పది నిమిషాలు తక్కువ వచ్చింది. లెక్కా నిజమూ అంత దగ్గరగా రావడం మా మేనకోడలికి క్లాసు తెగకుండా వినడం కన్నా ఎక్కువ సంతోషం ఇచ్చిందని నా నమ్మకం. ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయాయని తను వారం రోజులు అడిగింది.

ఇప్పుడు చాలామంది నన్ను అడిగే ప్రశ్నకి వస్తాను. రౌటర్‌కి బ్యాకప్ వెయ్యి, పదిహేను వందల్లో రెడీమేడ్‌గా దొరుకుతుంది కదా, నీకు మాడ్యూల్సూ చార్జరూ హోల్డర్లూ కలిపి ఏడెనిమిది వందలు అయ్యింది, నాలుగు సెలవు రోజులు పోయాయి, ఏం లాభం?

డబ్బు లెక్కలో వాళ్లే కరెక్టు. పాత సామాన్లతో చేస్తే చవక అని చెప్పేవాళ్లు తమ సమయాన్ని లెక్కలో వెయ్యరు. నేనలా చెప్పను. అవసరం వెంటనే తీరాలంటే, ఇంట్లో ముసలివాళ్లకి ఆక్సిజన్ మిషనుకో మరో ముఖ్యమైన దానికో బ్యాకప్ కావాలంటే, కొనుక్కోండి. గ్యారంటీ ఉన్నది కొనుక్కోండి. నా వాదన చవక గురించి కాదు, చేతికి వచ్చే పని గురించి.

ఎందుకంటే మా ల్యాబ్‌లో నేను ఏటా చూసే దృశ్యం ఒకటుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు. చాలామంది పిల్లలు హైదరాబాద్ వెళ్లి, లేదా ఎవరి చేతనో తెప్పించుకుని, ప్రాజెక్టు కొనుక్కొస్తారు. బోర్డు, సెన్సర్, ప్రోగ్రాము, రిపోర్టు అన్నీ ఒకే ప్యాకెట్‌లో. వైవా రోజు అది పనిచేస్తుంది. ఒక వైరు ఊడితే మాత్రం నలుగురు కుర్రాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లని నేను తప్పుపట్టను. నాలుగేళ్లలో వాళ్ల చేతికి చెడిపోయిన వస్తువు ఒక్కటి కూడా మేం ఇవ్వలేదు. ల్యాబ్‌లో ఇచ్చే ట్రైనర్ కిట్టులో అన్నీ ముందే బిగించి ఉంటాయి, పిన్నులు కలిపి రీడింగ్ రాసుకుంటే రికార్డు అయిపోతుంది. లోపం ఎక్కడుందో వెతికే అలవాటు ఎలా వస్తుంది? చెడిన వస్తువుని ముందు పెట్టుకుని, ఇందులో ఏది బాగుంది, ఏది పోయింది, ఎందుకు పోయింది అని కూర్చుంటే తప్ప రాదు. మదర్‌బోర్డు మీద తల ఉబ్బిన కెపాసిటర్‌ని చూపించి, దాని పక్కనున్న బాగున్నదాన్ని చూపించి, రెండింటికీ తేడా ఏంటని అడిగితే పావుగంట పాఠం దానంతట అదే నడుస్తుంది.

అరవింద్ గుప్తాగారు దశాబ్దాల పాటు అగ్గిపుల్లలతో, సైకిలు ట్యూబు ముక్కలతో, పాత చెప్పులతో పిల్లలకి సైన్సు నేర్పారు. 2018లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చేసిన పనికి ఎలక్ట్రానిక్స్‌లో కొనసాగింపు మన స్టోర్ రూముల్లో దుమ్ము పట్టి ఉందని నాకు అనిపిస్తుంది.

పోయిన దసరా సెలవల్లో మా వీధి కుర్రాడొకడు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. "అంకుల్, మీ దగ్గర హార్డ్ డిస్క్ మాగ్నెట్లు ఉన్నాయంట కదా, రెండు ఇస్తారా?" అన్నాడు. ఫోన్‌లో వీడియో చూపించాడు. సీపీయూ ఫ్యాన్‌కి పక్కన మాగ్నెట్ పెడితే అది దానంతట అదే తిరుగుతోంది, దాని వైర్లకి కట్టిన బల్బు వెలుగుతోంది. ఫ్రీ ఎనర్జీ అట. లక్షల మంది చూశారు.

అది అబద్ధమని నేను వెంటనే చెప్పొచ్చు. చెప్తే వెళ్లిపోయేవాడు, ఇంకెక్కడో మాగ్నెట్ సంపాదించి ప్రయత్నించేవాడు. అందుకని ఒక పాడైన హార్డ్ డిస్క్, స్క్రూ డ్రైవర్ చేతికిచ్చాను. హార్డ్ డిస్క్ స్క్రూలు నక్షత్రం ఆకారంలో ఉంటాయి, మామూలు స్క్రూ డ్రైవర్ పట్టదు, టార్క్స్ కావాలి. అవి విప్పడానికే అరగంట పట్టింది. లోపల అద్దంలాంటి పళ్లేలు, సూదిమొనలాంటి చెయ్యి, దాని వెనక రెండు నియోడిమియం మాగ్నెట్లు. వేలి చర్మం మధ్యలో పడితే రక్తం వస్తుంది, అంత బలంగా లాక్కుంటాయి. ఫ్యాన్ పక్కన పెట్టాడు. రెక్కలు కొంచెం కదిలి, ఒకచోట ఆగిపోయాయి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, నాలుగు పెట్టాడు. ప్రతిసారీ ఆగింది.

అప్పుడు ఫ్యాన్ కూడా విప్పాం. మధ్యలో స్టికర్ కింద చిన్న ప్లాస్టిక్ వాషర్ తీస్తే రెక్కలు ఊడి వస్తాయి. రెక్కల లోపల గుండ్రంగా మాగ్నెట్, కింద తీగ చుట్టలు, వాటి పక్కన మాగ్నెట్ ఎటువైపు ఉందో కనిపెట్టే హాల్ సెన్సర్. కరెంటుని సరైన సమయంలో సరైన చుట్టలోకి పంపిస్తూ ఉంటేనే అది తిరుగుతుంది. మాగ్నెట్ ఒక్కటే ఉంటే, తనకి నచ్చిన చోటుకి వచ్చి నిలబడిపోతుంది. "మరి వీడియోలో ఎలా తిరిగింది అంకుల్?" "కనపడకుండా బ్యాటరీ ఎక్కడ పెడతావో నువ్వే చెప్పు," అన్నాను. ఫ్యాన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, మూడు చోట్లు చూపించాడు. ఆ కుర్రాడు ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఫోన్‌లో ఏం వచ్చినా నమ్మే కాలంలో, ఒక తుక్కు ఫ్యాన్ ఈ పని చెయ్యగలిగింది.

అన్నింటికన్నా నాకు ఇష్టమైనది మాత్రం ప్లాటర్. అది బొమ్మలు గీసే యంత్రం. డీవీడీ డ్రైవ్ లోపల లేజర్ కన్నుని ముందుకీ వెనక్కీ జరిపే చిన్న స్టెప్పర్ మోటర్ ఉంటుంది, దానికి మరలున్న సన్నని కడ్డీ. మోటర్ ఒక అడుగు వేస్తే కన్ను ఒక మిల్లీమీటర్‌లో ఆరో వంతు దాకా జరుగుతుంది. రెండు డ్రైవ్‌ల్లోంచి ఆ చట్రాలు తీసి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా బిగిస్తే, నాలుగు సెంటీమీటర్ల చదరంలో పెన్నుని ఎక్కడికైనా పంపించొచ్చు. పెన్ను ఎత్తడానికీ దించడానికీ చిన్న సర్వో మోటర్ కొన్నాం. నడిపించేది ఆర్డుయినో, మనం రాసిన ప్రోగ్రాము ప్రకారం మోటర్లని తిప్పే చిన్న బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో విద్యార్థుల కోసం తయారైన ఈ బోర్డు డిజైన్ అందరికీ తెరిచి పెట్టడం వల్ల, దాని నకళ్లు ఇప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో కూడా దొరుకుతాయి.

ఒక జాగ్రత్త. డీవీడీ రైటర్‌లో ఉన్న లేజర్‌ని వెలిగించాలని ఎవరూ చూడొద్దు. రెప్ప వేసేలోపే కంటి వెనకున్న పొరని కాల్చేస్తుంది, అది తిరిగి రాదు. మేం ఆ ముక్కని విప్పిన రోజే వైర్లు కత్తిరించి పక్కన పెట్టేశాం.

ప్లాటర్ మొదట ఇంగ్లిష్‌లో మా మేనకోడలి పేరు రాసింది. బాగానే రాసింది. ఎన్, ఐ, టీ, అన్నీ గీతలే. తర్వాత తెలుగులో రాయిద్దామంది. అక్కడ మొదలైంది అసలు పని. ఇంగ్లిష్‌కి ఒకే గీతతో రాసే అక్షరాల ఫాంట్లు ఉన్నాయి, మాకు తెలుగులో అలాంటిది దొరకలేదు. మామూలు తెలుగు ఫాంట్ ఇస్తే అక్షరం అంచు చుట్టూ గీస్తుంది, ప్రతి గీతా రెండు గీతలవుతుంది. అందుకని గ్రాఫు కాగితం మీద "అ" పెద్దగా రాసి, దాని మీద చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క ఎక్కడుందో అంకెలు రాసుకున్నాం. "అ" ఒక్కదానికే నలభై ఆరు చుక్కలు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాన్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

యంత్రం దాన్ని గీసినప్పుడు "అ" ఒక పక్కన నొక్కుకుపోయి వచ్చింది. గుండ్రం మూసుకోలేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో కనపడని లోపం ఇందులో బయటపడింది. మోటర్ దిశ మార్చుకున్న ప్రతిసారీ మరకీ చట్రానికీ మధ్య వెంట్రుకంత ఖాళీ ముందు నిండాలి, ఆ తర్వాతే పెన్ను కదులుతుంది. మెకానిక్కులు "ప్లే ఉంది" అంటారే, అదే. తిన్నగా గీసే గీతకి దిశ ఎక్కడో ఒకచోటే మారుతుంది. మన అక్షరాలు గుండ్రాలు కాబట్టి ప్రతి సున్నా చుట్టులో నాలుగుసార్లు మారుతుంది. ఆ ఖాళీ ఎంతో కొలిచి, దిశ మారినప్పుడల్లా రెండడుగులు అదనంగా వేసేలా ప్రోగ్రాము మార్చింది మా మేనకోడలు. బల్ల మీద బాల్‌పెన్ను స్ప్రింగు ఒకటి బిగించి చట్రాన్ని ఒకవైపే లాగి ఉంచింది ఆ ఇంటర్ కుర్రాడు. రెండూ కలిశాక గుండ్రం మూసుకుంది. ఆ కాగితం మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. పక్కన నొక్కుకుపోయిన "అ" కూడా ఉంది, తియ్యనివ్వలేదు.

2013లో టోగో దేశంలోని లోమే నగరంలో కోజో అఫాటే న్యికూ అనే యువకుడు పాత కంప్యూటర్లు, ప్రింటర్లు, స్కానర్ల ముక్కలతో త్రీడీ ప్రింటర్ తయారుచేశాడు. దానికీ మా నాలుగు సెంటీమీటర్ల ప్లాటర్‌కీ మూలం ఒకటే: మోటర్, మర, జారే కడ్డీ. ప్రింటర్లలో కడ్డీలు పొడుగ్గా ఉంటాయి, పంటి బెల్టులు ఉంటాయి. మా తర్వాతి పని పాడైన ప్రింటర్లు సంపాదించడం.

చెయ్యకపోయినా ఫర్వాలేదనిపించినవీ ఉన్నాయి. హార్డ్ డిస్క్ పళ్లేనికి గరుకు కాగితం అంటించి గ్రైండర్ చేసే వీడియోలు చాలా ఉన్నాయి. చేసి చూశాం. కత్తి ఆనించగానే ఆగిపోతుంది. ఆ మోటర్ నిమిషానికి 5400, 7200 సార్లు తిరగడానికి పుట్టింది గానీ, బరువు తట్టుకోవడానికి కాదు. ల్యాప్‌టాప్ స్క్రీన్‌ని మానిటర్‌గా మార్చడం మాత్రం మంచి పని. వెనకున్న ప్యానెల్ నంబర్ చెప్తే దానికి సరిపడే డ్రైవర్ బోర్డు దొరుకుతుంది. పాత స్క్రీన్లలో సన్నని గాజు ట్యూబు వెలుగుతుంది, దాన్లో పాదరసం ఉంటుంది, పగలకొట్టొద్దు.

బతికున్న కంప్యూటర్‌ని ముక్కల కోసం విప్పడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సపోర్టు ఆగింది. విండోస్ 11 ఎక్కని సిస్టమ్స్ లెక్కలేనన్ని ఉన్నాయి. అవి చెడిపోలేదు. విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్లు చదువుకునే పిల్లలకి పనికొస్తాయి. నేను అడుగుతున్నది నిజంగా చచ్చిపోయినవి. వాటిలో కూడా హార్డ్ డిస్క్ ముందుగా తుడిచెయ్యాలి, లేదా పళ్లేలు పగలగొట్టాలి. పాత విద్యార్థుల మార్కులూ ఫోన్ నంబర్లూ అన్నీ దాన్లోనే ఉంటాయి.

ఐక్యరాజ్యసమితి సంస్థలు వేసిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త వచ్చింది. అందులో పద్ధతిగా సేకరించి, రీసైకిల్ అయినట్టు లెక్కకి అందింది 22.3 శాతమే. మేం నాలుగు సీపీయూలు విప్పితే ఆ కొండ తరుగుతుందని నేననను. కానీ ఆటోలో వెళ్లిన ముప్పయ్యారు ఏమయ్యాయో ఆలోచిస్తే నిద్ర పట్టలేదు. ఇలాంటి బోర్డులని చాలాచోట్ల రాగి కోసం కాలుస్తారు, పిన్నుల మీది బంగారం కోసం యాసిడ్‌లో ముంచుతారు. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఆ పనికి పేరుపడ్డాయి. ఆ పొగ పీల్చేవాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. కాబట్టి మేం తీసుకోగలిగినవి తీసుకున్నాక మిగిలిన బోర్డుల్ని, చచ్చిన సెల్స్‌ని పాత సామాన్ల బండికి వెయ్యలేదు. సెల్స్ కొనలకి టేపు చుట్టి, అన్నీ ఒక డబ్బాలో వేసి, లైసెన్సున్న రీసైక్లర్ సేకరణ కేంద్రంలో ఇచ్చాం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు, పెద్ద ఎత్తున పరికరాలు వాడే సంస్థలు వాటిని రిజిస్టరైన వాళ్లకే అప్పగించాలని చెప్తున్నాయి. వేపచెట్టు కింద కాటాకి ఆ నిబంధనల్లో చోటు లేదు.

ఇంకో భయం ఉంది. ఈ అవకాశం ఎంతోకాలం ఉండదు. ఈమధ్య నా చేతికొచ్చిన సన్నని ల్యాప్‌టాప్ విప్పితే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, బ్యాటరీ జిగురుతో అంటించి ఉంది, ఫ్యాన్ కనెక్టర్ ఆ ఒక్క మోడల్‌కే సరిపోతుంది. మా నాన్నగారి హార్లిక్స్ సీసాల రోజులు మళ్లీ వస్తున్నాయి. అప్పట్లో ఒక ప్రమాణం లేక సరిపోయేవి కాదు, ఇప్పుడు కావాలనే సరిపోనివ్వట్లేదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో, కొన్న వస్తువుని బాగుచేసుకునే హక్కు కోసం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అది మంచి అడుగే. విప్పడం అలవాటు లేని తరానికి విప్పే హక్కు ఇచ్చినా ఎవరు అడుగుతారు? ఎర్ర వైరు 5, పసుపు వైరు 12 అని ఇంకా దొరుకుతున్న ఈ పదేళ్లలోనే మన పిల్లల చేతులకి అది అలవాటు చెయ్యాలి.

మా కాలేజీ స్టోర్ రూమ్‌లో ఇంకో ఇరవై ఐదు సిస్టమ్స్ చేరాయి. సెలవలకి ముందు వాటినీ తీసేస్తారట. పోయిన సోమవారం ప్రిన్సిపాల్‌గారికి లెటర్ ఇచ్చాను. పది సిస్టమ్స్ ల్యాబ్‌కి ఇవ్వమని, సెకండియర్ పిల్లలకి శనివారం మధ్యాహ్నాలు రెండు గంటలు కేటాయించమని, మిగిలిన బోర్డులు రీసైక్లర్‌కి చేర్చే బాధ్యత నాదేనని రాశాను. కావలసినవి కూడా రాశాను: ఐదు మల్టీమీటర్లు, టార్క్స్ స్క్రూ డ్రైవర్ సెట్లు రెండు, కళ్లద్దాలు, ఒక ఇసుక బకెట్. "ఇసుక బకెట్ ఎందుకండీ?" అని అడిగారు ఆయన. ఆ వేడెక్కిన సెల్ కథ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చూద్దామన్నారు.